రెండు చుక్కల నలుపు

కొత్త సిస్టం అతని భార్యను చంపింది.

ఈ మాట అతను ఏడుస్తూ చెప్పడు. కోపంతోనూ చెప్పడు. బయట ఎండగా ఉంది అన్నంత మామూలుగా చెబుతాడు. మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. మొదట్లో విన్నవాళ్ళు అయ్యో అన్నారు. తర్వాత తల ఊపారు. ఇప్పుడు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోతున్నారు. ఆస్పత్రిలో పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టిన రోజునే ఆమె పోయింది. పాత వివరాలన్నీ ఒక్కటీ పోకుండా కొత్తవాటిలోకి ఎక్కించామని అక్కడ గోడకు కాగితం కూడా అంటించారు. ఆమె ఒంటికి పడని సూది పేరు మాత్రం అందులో లేదు. ఆ సూదే పొడిచారు. చెప్పడం అయిపోయాక చివర ఒక మాట తప్పకుండా కలుపుతాడు: "నన్నెవరూ అడగలేదు." ఇక అందులో తేల్చాల్సిందేమీ లేదు.

ఆ రోజు ఉదయం అతను రంగుల షాపులో తన మిషన్ ముందు వంగి, గుండుసూదితో రంగు దిగే నాజిళ్ళ మూతులు శుభ్రం చేస్తున్నాడు. రాత్రి ఆరి గడ్డకట్టిన రంగు సూది మొనకు పొట్టులా లేచి వస్తోంది. దాన్ని బొటనవేలి గోటితో తీసి పాత గుడ్డకు రాస్తున్నాడు. పన్నెండు రంగుల ట్యాంకులు గుండ్రంగా నిలబడిన ఆ మిషన్ అతని ఛాతీ ఎత్తు ఉంటుంది. కింద తెల్ల పెయింటు డబ్బా పెడితే, పక్కనున్న కంప్యూటరు చెప్పిన కొలతలో ఒక్కో ట్యాంకు నుంచి రంగు సన్నటి దారంలా దిగుతుంది. మూత బిగించి, ఊపే మిషన్‌లో మూడు నిమిషాలు ఉంచితే అడిగిన రంగు తయారవుతుంది.

పొట్టి మనిషి. అరవైకి రెండేళ్ళు తక్కువ. రంగులు పోల్చి చూసి చూసి ఎడమ కన్ను సగం మూసుకునే ఉంటుంది. దాంతో ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళను అనుమానిస్తున్నట్టే కనిపిస్తాడు. చాలాసార్లు అది నిజమే. గోళ్ళ చుట్టూ ఏ సబ్బుకూ లొంగని రంగు. మోకాళ్ళ దాకా దిగే ముతక బట్ట ఏప్రన్, దాని జేబులో డబ్బా మూతలు లేపే ఇనుప పట్టీ. వీధిలో అందరికీ అతను రంగులాయనే. పేరు పెట్టి పిలిచే ఒక్క మనిషీ పోయింది.

నాజిళ్ళ పని అయ్యాక కంప్యూటరు వేశాడు. ఒకప్పుడు తెల్లగా ఉండి, ఇప్పుడు పాత పళ్ళ రంగుకు తిరిగిన పెట్టె. అది లోపల గుర్రుమని, కాసేపు ఆలోచించి, ఒక చిన్న కూత కూసి, తెర వెలిగించింది. అందులో ఉన్నది పదిహేడేళ్ళ నాటి ఆపరేటింగ్ సిస్టం. చేసినవాళ్ళే దాన్ని వదిలేసి చాలాకాలమైంది. అతను వదల్లేదు. ఎక్కడేముందో చేతికి తెలుసు, కళ్ళతో పని లేదు. కింద ఎడమ మూల ఒక నొక్కు, పైకి మూడు వేళ్ళ మేర జరపడం, రెండు నొక్కులు. పక్కకు తిరిగి బేరగాడితో మాట్లాడుతూనే ఆ పని చేస్తాడు. మీటల మీద అక్షరాలు అరిగిపోయి నున్నగా మెరుస్తున్నాయి. వేరే ఎవరైనా కూర్చుంటే గుడ్డివాళ్ళే.

ఆ సిస్టం కూడా ఒకప్పుడు అతన్ని విసిగించేది. కొత్తది వచ్చింది, మార్చమంటారా అని మూల నుంచి గడి ఒకటి లేచేది. 'తర్వాత' అని నొక్కేవాడు. మర్నాడు మళ్ళీ లేచేది. మళ్ళీ 'తర్వాత'. అలా కొన్నేళ్ళు ఒకరి మొండితనం ఒకరు చూసుకున్నారు. చివరికి అది అడగడం మానేసింది. అడగడం మానేసినందుకు అతనికి దాని మీద గౌరవం పెరిగింది.

కంపెనీ ఇచ్చే షేడ్ కార్డులో లేని రంగులు నాలుగు వందల పన్నెండు అందులో ఉన్నాయి. అన్నీ అతను కలిపి చూసి, కలిపి చూసి కుదిర్చినవి. వాటికి అతను పెట్టిన పేర్లు: పంతులమ్మ గేటు. బేకరీ షట్టరు. మెట్ల కింద గది. వంటిల్లు.

గోడ పక్కన అట్టపెట్టెలో కొత్త మిషన్, కొత్త కంప్యూటరు నిన్ననే దిగాయి. అతను ఆ వైపు చూడకుండా చుట్టూ తిరిగి నడుస్తున్నాడు.

షాపు యజమాని తొమ్మిదింటికి వచ్చాడు. భారీ మనిషి. మూడు అడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. ఇద్దరూ ఇరవై ఆరేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నారు.

"ఏమోయ్, నిద్రపోయావా?"

"పోయాను."

"కళ్ళు అలా చెప్పడం లేదు. చూడు, నిన్న అనుకున్నదే. కంపెనీ ఆవిడ వచ్చి అన్నీ ఎక్కిస్తుంది. నువ్వు చెప్పిన ఒక రంగు కొత్తదాంట్లో తీస్తుంది. కలవకపోతే పాతదే ఉంటుంది. కలిస్తే ఇక నువ్వు నోరెత్తకూడదు."

"మీరు మాట మీద ఉంటారా?"

"నా మాట మీద కూడా అనుమానమేనా నీకు?"

రంగులాయన చొక్కా జేబు తడుముకున్నాడు. అందులో మడతపెట్టిన కాగితం ఉంది. కాగితంలో వేలి గోరంత గోడ పెచ్చు. పోయిన నెల వంటింట్లో గోడ అలమర మేకులు వదిలేసి కిందపడింది. దానితో పాటు అరచేతి మేర గచ్చు ఊడింది. ఆ గోడ రంగు తొమ్మిదేళ్ళ కిందట భార్య అడిగి వేయించుకున్నది. అలమర వెనక పొగా నూనె తగలకపోవడంతో పెచ్చు రంగు మొదటి రోజులాగే ఉంది. ఆ ఊడిన చోటు పూడ్చాలి. అదే రంగు కావాలి. కొత్త మిషన్ ఆ రంగు ఇవ్వజాలదని అతనికి తెలుసు. కొత్తవి ఏం చేస్తాయో ఆస్పత్రిలో ఒకసారి చూసినవాడు.

కంపెనీ నుంచి వచ్చే ఆవిడ కంటే ముందు నిచ్చెన వచ్చాడు. అతను గోడలకు రంగులు వేసే మనిషి. ఎంత పొడుగంటే షాపు షట్టరు కింద వంగి రావాలి. అందుకే ఆ పేరు.

"బాబాయ్, బేకరీ షట్టరు నాలుగు లీటర్లు. నీ ముసలి మిషన్ ఊపిరి ఉండగానే తీసెయ్."

"దానికేం కాలేదు."

"నా నిచ్చెనకే ఆరేళ్ళు. నీ మిషన్ దానికి అమ్మమ్మ." అట్టపెట్టె వైపు చూశాడు. "కొత్త కోడలు దిగినట్టుందే. అలిగావా?"

"అందులో పెట్టినవన్నీ కంపెనీకి పోతాయి. తెలుసా? నా రంగులన్నీ ఎక్కడో కూర్చున్నవాడు చూస్తాడు."

"చూసి ఏం చేసుకుంటాడు, బేకరీ షట్టరుని?"

"నవ్వు. నీ ఫోన్‌లో ఉన్నవి ఇప్పటికే ఎవడి చేతిలో ఉన్నాయో."

"నా ఫోన్‌లో ఉన్నవి మా ఆవిడ తిట్లు. ఎవడైనా పట్టుకుపోతే కాళ్ళకు దండం పెడతా."

ఈలోపు మిషన్ కింద డబ్బాలో రంగు దారాలు దిగడం అయిపోయింది. రంగులాయన ఎడమ చేత్తో మూత అందుకున్నాడు. కుడి చేయి దానంతట అది పక్కకు పోయి, గోడకున్న మేకు నుంచి కలిపే కర్ర తీసింది. జానెడున్నర చెక్క బద్ద. ఏళ్ళ తరబడి రంగులు పొరలు కట్టి బొటనవేలంత లావైంది. దాని కొనను నీలం డబ్బాలో ముంచి, తెల్ల పెయింటు మీద ఒక్క చుక్క రాల్చింది. అతని కళ్ళు నిచ్చెన మీదే ఉన్నాయి. మూత పడింది. మూత మీద రబ్బరు సుత్తి నాలుగు దెబ్బలు. డబ్బా ఊపే మిషన్‌లోకి పోయింది.

ఆ చుక్క పడుతుండగా కంపెనీ ఆవిడ గుమ్మంలో చెప్పులు దులుపుకుంటోంది.

యాభై ఏళ్ళుంటాయి. చెంపల దగ్గర నెరిసిన జుట్టును దాచుకోలేదు. బొటనవేలికి కట్టు. భుజాన బరువైన బ్యాగు. రంగులాయన మొదట ఆ బ్యాగును చూశాడు, తర్వాత మనిషిని.

"నమస్తే అన్నగారూ. మీ గురించి చాలా చెప్పారు."

"ఎవరు?"

"మీ యజమాని."

"ఏం చెప్పారు?"

ఆవిడ నవ్వి ఊరుకుంది. ఏదో ముందే మాట్లాడుకున్నారన్నమాట. అతను ఆ సంగతి మనసులో గుర్తుపెట్టుకున్నాడు. ఆవిడ మంచినీళ్ళు అడిగింది. ఇచ్చాడు. నీళ్ళు తాగుతూ కూడా పాత కంప్యూటరు వెనక తీగలు చూస్తోంది. అదీ గుర్తుపెట్టుకున్నాడు.

వేలెడు పొడవున్న ఏదో పుల్లలాంటిది పాత పెట్టెకు తగిలించి, ఆవిడ స్టూలు మీద కూర్చుంది. మీటలు చూసి ఆగింది.

"అక్షరాలు ఏవండీ?"

"అరిగిపోయాయి."

"ఎలా కొడతారు మరి?"

"నాకు కనపడతాయి."

తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి పాకడం మొదలుపెట్టింది. రంగులాయన డబ్బాలు సర్దుతున్నట్టు నిలబడి కళ్ళలో వత్తులు వేసుకుని చూశాడు. గీత సగంలో ఆగింది. అతని చేయి కూడా ఆగింది. గీత కదిలింది. అతను చూడనప్పుడు ఏదో జారవిడిచి, చూసినప్పుడు బుద్ధిగా పాకుతోందని అతని నమ్మకం.

"మీలాంటివాళ్ళు నాకు చాలామంది తెలుసు అన్నగారూ," ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండా అంది. "ఒక దర్జీ ఉండేవాడు. పాత సిస్టం తీస్తుంటే పక్కనే నిలబడి, మెల్లిగా అమ్మా, మెల్లిగా అన్నాడు. పన్ను పీకుతున్నట్టు. ఒక ఫొటో స్టూడియో ఆయనైతే తలుపు వేసుకున్నాడు."

"వాళ్ళకి తెలుసు కాబట్టి."

"ఏం తెలుసు?"

"కొత్తది మన కోసం రాదు. అమ్మేవాడి కోసం వస్తుంది. చేతికి అలవాటైన దాన్ని లాక్కుని, కొత్తగా నేర్చుకోమంటారు. నేర్చుకునేలోపు అదీ పాతదైందంటారు. మనిషిని ఎప్పుడూ మొదటి రోజు నౌకరీలోనే ఉంచుతారు."

ఆవిడ ఈసారి నవ్వలేదు. "అది కొంత నిజమే," అంది. ఒప్పుకున్నందుకు అతనికి అనుమానం ఇంకా పెరిగింది.

తర్వాత ఆవిడ స్టూలు తిప్పి కూర్చుంది. "ఒక్కటి చెప్పండి. అందులో రాయకుండా మీరు విడిగా ఏమైనా కలుపుతారా? చేత్తో? మళ్ళీ మార్చుకోవడం కష్టం, అందుకని అందరినీ అడుగుతాను."

తన పనిలో వేలు పెడుతోంది. ఎక్కడో ఒక లోపం పట్టుకుని, తర్వాత తప్పంతా తన నెత్తిన రుద్దడానికి. అతనికి ఒళ్ళు మండింది.

"అన్నీ అందులోనే ఉన్నాయి," అన్నాడు. "చూసుకోండి."

ఆవిడ అతన్ని కాసేపు చూసింది. ఆ చూపు మేకుకు వేలాడుతున్న కర్ర మీదికి పోయి, మళ్ళీ తెర మీదికి వచ్చింది. ఇంకేమీ అడగలేదు.

పదకొండున్నరకి గీత చివరికి చేరింది. అట్టపెట్టె విప్పారు. కొత్త మిషన్ తెల్లగా, మూలలు లేకుండా, సబ్బుబిళ్ళలా ఉంది. కొత్త తెర మీద రంగుల పేర్లు వరసగా వచ్చాయి. పంతులమ్మ గేటు. బేకరీ షట్టరు. మెట్ల కింద గది. అతను పెట్టిన పేర్లు వేరేవాళ్ళ నోట విన్నట్టు అనిపించింది.

"ఏ రంగు తీయమంటారు?"

"వంటిల్లు."

యజమాని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. రెండో విడత సరుకుకు వచ్చిన నిచ్చెన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ లీటరు డబ్బా పెట్టింది. దారాలు దిగాయి. రంగులాయన మూత అందుకునేలోపు ఆవిడే మూత పెట్టి బిగించేసింది. మూడు నిమిషాలు డబ్బా ఊగింది. మూత తీసి, ఒక పుల్లతో మూత మీద బొట్టు పెట్టి, ఫ్యాను కింద ఆరనిచ్చారు. అతను కాగితం మడత విప్పి, పెచ్చును ఆ బొట్టు పక్కన పెట్టాడు.

కలవలేదు.

బొట్టు పాలమీగడలా తేటగా, కాస్త పచ్చగా ఉంది. పెచ్చులో ఉన్న మసక దానికి లేదు. నిచ్చెన వంగి చూసి పెదవి విరిచాడు. "ఇది వేరే ఇల్లు బాబాయ్."

"చూశారుగా," అన్నాడు రంగులాయన. గొంతు పెంచలేదు. మూడేళ్ళుగా అందరూ విని లేచి వెళ్ళిపోతున్న మాటకు ఇవాళ సాక్ష్యం దొరికింది. "ఒక్కటీ పోదన్నారు. ఆస్పత్రిలోనూ ఇలాగే అన్నారు."

యజమాని నిట్టూర్చాడు. "సరేనయ్యా. మాటంటే మాటే. పాతదే ఉంటుంది. అమ్మా, సర్దేయండి. కంపెనీతో నేను మాట్లాడుకుంటా."

ఆవిడ వాదించలేదు. తీగ ఊడదీసి చుట్టలు చుడుతూ అంది: "సర్దేస్తాను. దానికి ముందు ఒక్క డబ్బా మీ పాతదాంట్లో కూడా తీయండి అన్నగారూ. అదే రంగు. కాకపోతే దారాలు దిగాక మీ చేతులు వెనక్కి కట్టుకోండి."

"ఎందుకు?"

"ఊరికే. నేను చూడాలి."

ఓడిపోయినవాళ్ళు ఏదో ఒకటి అడుగుతారు. అతను డబ్బా పెట్టాడు. చేయి ఎప్పటి దారినే పోయింది. మూల, మూడు వేళ్ళ మేర, రెండు నొక్కులు. దారాలు దిగాయి. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది. కుడి చేయి వెనక నుంచి విడిపించుకుని మేకు వైపు పోవాలని చూసింది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.

ఆవిడ మూత పెట్టింది. ఊపింది. మూత మీద బొట్టు పెట్టింది.

రెండు మూతలు పక్కపక్కన ఆరాయి. రెండూ ఒకటే. తేటగా, కాస్త పచ్చగా. పెచ్చు ఒక్కటే వేరుగా ఉంది.

నిచ్చెన వంగి రెండు మూతలనూ మార్చి మార్చి చూశాడు.

పాత మిషన్‌కు ఒక కొలత కంటే తక్కువ ఇవ్వడం రాదు. చేత్తో వేసే చుక్కలు అందులో రాయడానికి చోటూ లేదు. కుదరని రంగుకు అతను కర్ర కొనతో ఒక చుక్క, రెండు చుక్కలు కలిపి కుదిర్చేవాడు. ఏళ్ళు గడిచి, కలిపే సంగతి కూడా మరిచిపోయాడు. మిషనే ఇస్తోందనుకున్నాడు.

"పొద్దున నేను వచ్చేసరికి మీరు నీలం ఒక చుక్క వేశారు," ఆవిడ అంది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. "ఇలాంటివి ఎన్నింటికి ఉన్నాయి?"

"ఉంటాయి."

"ఎక్కడైనా రాశారా?"

"నన్నెవరూ అడగలేదు." మూడేళ్ళ అలవాటు మీద ఆ మాట దానంతట అదే వచ్చింది.

"పొద్దున అడిగాను కదండీ. అన్నీ అందులోనే ఉన్నాయి, చూసుకోండి అన్నారు."

ఆవిడ తీగ చుట్టడంలో పడింది. యజమాని నిచ్చెనతో ఏదో అన్నాడు. రంగులాయన స్టూలు మీద కూర్చున్నాడు. ఆ స్టూలు అక్కడ ఉందో లేదో చూడకుండానే కూర్చున్నాడు.

అవే మాటలు. ఒక్కటి తేడా లేదు.

ఆ ఆస్పత్రిలో కౌంటరు దగ్గర ఒక పాత నర్సమ్మ ఉండేది. భార్యను గుమ్మంలో చూస్తూనే, ఈవిడకి ఆ సూది వద్దు అని లోపలికి కేకేసేది. అది ఆమె నోట్లోనే ఉంది, ఏ కాగితం మీదా లేదు. ఆ రోజు నర్సమ్మను మేడ మీద గదికి మార్చారు. కొత్త తెర ముందు కొత్త మనిషి కూర్చుంది. అతను గంటన్నర వరసలో నిలబడ్డాడు. భార్య పక్కనే బల్ల మీద జ్వరంతో ఒరిగి ఉంది. గొంతు వాచి మాట పెగలడం లేదు. తెర ముందున్నామె తల ఎత్తి అడిగింది.

"మందులేమైనా పడవా అండీ?"

అడిగింది. స్పష్టంగా, అతని ముఖం చూసి అడిగింది.

అతనికి ఆ తెర మీద కోపం. గోడ మీద కాగితం మీద కోపం. గంటన్నర మీద కోపం. "ఇరవై ఏళ్ళుగా వస్తున్నాం. అన్నీ అందులోనే ఉన్నాయి. చూసుకోండి." వెనక నుంచి భార్య అతని చొక్కా అంచు పట్టుకుని లాగింది. రెండుసార్లు లాగింది. "ఉండు," అన్నాడు, తిరగకుండా.

సాయంత్రం ఐదున్నరకు ఆమె పోయింది. గొడవేమీ జరగలేదు. చేయి అతని చేతిలో ఉండగానే బరువెక్కింది, అంతే.

షాపులో ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ బ్యాగు జిప్పు లాగింది.

"ఆగమ్మా," అన్నాడు రంగులాయన.

ఆగింది.

"విడిగా వేసేవి రాసుకోవడానికి మీ దాంట్లో చోటుందా?"

"ఉందండీ. ప్రతి రంగు పక్కనా ఒక గడి ఉంది. సగం కొలతైనా, పావు కొలతైనా రాసుకోవచ్చు. మిషనే వేస్తుంది."

"అయితే రాసుకో."

యజమాని కుర్చీలోంచి లేవబోయాడు. "పాతదే ఉంచుతానన్నాను కదయ్యా. గెలిచావు నువ్వు."

"తెలుసు."

మధ్యాహ్నమంతా అదే పని. ఆవిడ పేరు చదువుతుంది. అతను కళ్ళు మూసుకుని, కుడి చేయి గాలిలో ఆడించి, ఆ చేయి ఎటు పోతుందో చూసి చెబుతాడు.

"మెట్ల కింద గది?"

"ఏమీ లేదు. అది తిన్నగానే వస్తుంది."

"పంతులమ్మ గేటు?"

"ఆకుపచ్చ ఒకటి. ఎండలో చూసి వేయాలి."

"ఎండలో చూసి అని రాయడానికి గడి లేదండీ."

"పోనీ. ఆకుపచ్చ ఒకటి రాయి."

భోజనం మానేశాడు. నిచ్చెన ఎవరూ అడక్కుండానే టీ తెచ్చి పెట్టాడు. అది చల్లారి మీగడ కట్టింది. నాలుగు వందల పదకొండు అయ్యాయి. ఆవిడ చివరి పేరు చదివింది.

"వంటిల్లు."

అతని చేయి కదల్లేదు. దీనికి చేయి అక్కర్లేదు. తొమ్మిదేళ్ళ కిందట వరసగా మూడు రోజులు డబ్బా మూతలు ఇంటికి పట్టుకెళ్ళాడు. ఆమె ఒక్కో బొట్టునూ పొయ్యి వెలుగులో పట్టి చూసేది. ఆమెకు కావలసింది గిన్నె అడుగున మాడిన పాల రంగు. పాల రంగు కాదు, మాడిన పాల రంగు. "ఇంకొంచెం మాడాలి," అనేది ప్రతిసారీ. మూడో రోజు విసుగొచ్చి, డబ్బా, నలుపు, కర్ర ఇంటికే తెచ్చి, ఆమె ఎదుటే కర్ర కొనతో నలుపు రాల్చాడు. ఒకటి. "ఇంకొంచెం." రెండు. ఆమె అతని మణికట్టు పట్టుకుని ఆపింది. "చాలు. ఇదే."

ఆ మిషన్‌లో ఆమెను దాచుకున్నాననుకున్నాడు. మిషన్‌లో ఉన్నది ఆమె వద్దన్న రంగు.

"నలుపు రెండు," అన్నాడు.

ఆవిడ రాసింది. డబ్బా పెట్టింది. దారాలు దిగాయి. చివరగా నలుపు, కంటికి ఆననంత, రెండుసార్లు చిటుక్కుమంది. ఊపి, మూత తీసి, బొట్టు పెట్టి ఆరాక పెచ్చును దాని మీద పెట్టారు. పెచ్చు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

అతను లేచాడు. చేతులు కడుక్కున్నాడు. ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి పాత మిషన్ మీద ఉంచాడు. ఆ లీటరు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"రేపటి నుంచి రాను."

"ఏమైందయ్యా నీకు?" యజమాని గొంతు తగ్గింది. "ఎవరేమన్నారు? ఆవిడేమైనా అందా?"

"ఎవరూ ఏమీ అనలేదు. అన్నీ రాయించాను. ఇక నాతో పని లేదు."

కంపెనీ ఆవిడ లేచి నిలబడింది.

ఆదివారం కూతురు వచ్చింది. నాలుగు వీధుల అవతలే కాపురం. వచ్చీ రాగానే వంటింట్లోకి పోయింది. గచ్చు ఊడిన చోటు పూడి ఉంది. ఎక్కడ పూడ్చాడో వేలితో తడిమి చూస్తేగానీ తెలియలేదు.

"పని మానేశావట. షాపాయన ఫోన్ చేశాడు."

"ఊఁ."

"కొత్త సిస్టం పెట్టారనేగా. నాకు తెలుసు నాన్నా. ఆ ఆస్పత్రిలో ఆ రోజు అమ్మకి..."

"ఆ మాట ఇక ఎత్తకు."

కూతురు తిరిగి చూసింది. "నువ్వే కదా రోజూ అనేవాడివి. అమ్మని చంపింది ఆ సిస్టమే అని."

"అన్నాను. ఇక అనను. నువ్వూ అనకు."

"ఎందుకని?"

అతను పొయ్యి మీద పాలు చూస్తున్నాడు. మంట తగ్గించాడు. జవాబు చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. ఎవరైనా జాలిపడి ఆస్పత్రి సంగతి ఎత్తితే, ఈసారి లేచి వెళ్ళిపోయేది అతనే.

షాపులో పాత మిషన్‌ను తోపుడు బండి మీద ఎక్కించి పట్టుకుపోయారు. కలిపే కర్రను తీయడం ఎవరికీ గుర్తురాలేదు. గోడకు, అదే మేకుకు, కొన కిందికి వేలాడుతూ ఉండిపోయింది. కొన పక్కన ఎప్పటిదో నల్లటి చుక్క ఒకటి, రాలకుండానే ఆరిపోయి.